బల్బు 25,000 గంటలు.. మరి దాని యాప్ ఎన్నాళ్లు? స్మార్ట్ లైట్లు కొనేముందు ఇది చూసుకోండి

పోయిన వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే ఆరింటికి అమ్మ ఫోన్ చేసింది. "ఏరా, రాత్రి ఆ సందులో లైటు వెలగలేదురా. గడప తగిలి పడబోయాను" అంది. కాలి బొటనవేలు గోరు కొంచెం లేచింది, అంతకంటే ఏం కాలేదు. కానీ ఆ లైటు పెట్టింది నేనే.

మూడేళ్ల కిందట దీపావళి సేల్‌లో ఊళ్లో ఇంటికని ఆరు స్మార్ట్ బల్బులు కొన్నా. ఒక్కోటి 700 రూపాయల దాకా పడింది. అందులో ఒకటి బెడ్‌రూమ్ నుంచి బాత్రూముకి వెళ్లే సందులో పెట్టి షెడ్యూల్ సెట్ చేశా. రాత్రి పదింటికి పది శాతం వెలుగుతో వెలగాలి, పొద్దున ఐదింటికి ఆరిపోవాలి. అమ్మానాన్నలిద్దరికీ అరవై దాటాయి కదా, రాత్రిపూట లేచినప్పుడు స్విచ్ కోసం తడుముకోకుండా ఉంటుందని. మూడేళ్లూ బాగానే నడిచింది. వాళ్లు ఆ లైటుకి ఎంత అలవాటు పడిపోయారంటే, అంతకుముందు అక్కడ వెలిగే జీరో బల్బుని హోల్డర్‌తో సహా పీకించేశారు.

అమ్మ ఫోన్ పెట్టేశాక హైదరాబాద్‌లో కూర్చుని యాప్ ఓపెన్ చేశా. "ఈ యాప్‌కి సపోర్ట్ నిలిపివేశాం, మా కొత్త యాప్‌కి మారండి" అని ఉంది. కొత్త యాప్ వేసుకుని బల్బు యాడ్ చేయబోతే "ఈ మోడల్‌కి సపోర్ట్ లేదు" అంది. కస్టమర్ కేర్‌కి చేస్తే "సార్, మీ ప్రొడక్ట్‌కి వారంటీ రెండేళ్లే, అయిపోయింది. కొత్త మోడల్ మీద 20 శాతం కూపన్ ఇస్తాం" అన్నారు. బల్బు పాడైందా అంటే లేదు. గోడ మీద స్విచ్ వేస్తే తెల్లగా, ఫుల్ వెలుగుతో శుభ్రంగా వెలుగుతుంది. అంతే, ఇక అది 100 రూపాయల బల్బుతో సమానం.

బ్రాండ్ పేరు రాయట్లేదు. ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు. ఈ లైట్లని మనకి ఎలా అమ్ముతున్నారు, అమ్మాక ఎన్నాళ్లు చూసుకుంటున్నారు అనేదే ఈ ఆర్టికల్.

బాక్స్ మీద ఉండేవి, ఉండనివి

ఏ స్మార్ట్ బల్బు బాక్స్ తీసుకున్నా మూడు సంగతులు పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. ఒకటి 25,000 గంటల లైఫ్. రెండోది 16 మిలియన్ రంగులు. మూడోది అలెక్సాతో, గూగుల్ అసిస్టెంట్‌తో పనిచేస్తుందనే లోగోలు.

16 మిలియన్ సంగతి సరదాగా ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్ఈడీలు మూడుంటాయి. ఒక్కోదాన్ని 0 నుంచి 255 దాకా 256 మెట్లలో కంట్రోల్ చేయొచ్చు. 256ని మూడుసార్లు గుణిస్తే 1,67,77,216. అదే ఆ నంబర్. అంటే అది సాఫ్ట్‌వేర్‌లో లెక్క, మన కంటికి విడివిడిగా కనిపించే రంగుల లెక్క కాదు. పైగా చాలా బల్బులు తెలుపులో ఇచ్చినంత వెలుతురు రంగుల్లో ఇవ్వవు. ముదురు నీలం పెట్టి చూడండి, గది సగం చీకటే. బాక్స్ మీద ల్యూమెన్స్ నంబర్ దాదాపు ఎప్పుడూ తెలుపుదే.

25,000 గంటలు అనేది మాత్రం ఉత్తి మాట కాదు, కాకపోతే దాని అర్థం వేరు. ఎల్ఈడీ ఫిలమెంట్ బల్బులా ఠప్‌మని పోదు, నెమ్మదిగా మసకబారుతుంది. మొదట్లో ఇచ్చిన వెలుతురులో 70 శాతానికి పడిపోయేదాకా పట్టే టైమ్‌ని సాధారణంగా లైఫ్ అంటారు. రోజుకి ఆరు గంటలు వాడితే 25,000 గంటలంటే పదకొండేళ్ల పైమాటే. వేడికి లోపలి డ్రైవర్ బోర్డు ముందే పోతే అది వేరే సంగతి.

ఇక్కడ ఆగి ఒక్కసారి ఆలోచించండి. ఎల్ఈడీ ఆయుష్షు పదకొండేళ్లు. వారంటీ బ్రాండుని బట్టి ఏడాదో, రెండేళ్లో, మూడేళ్లో. మరి ఆ బల్బుని నడిపే యాప్, ఆ యాప్ వెనకున్న సర్వర్, ఇవి ఎన్నాళ్లుంటాయి? బాక్స్‌ని నాలుగు వైపులా తిప్పి చూడండి. ఆ నంబర్ ఎక్కడా ఉండదు. మొదటి నంబర్‌తో మనకి అమ్ముతారు, రెండో నంబర్‌కి బాధ్యత తీసుకుంటారు, మూడోదాని ఊసే ఎత్తరు. మా ఇంట్లో బల్బుకి ముగిసింది ఆ మూడో ఆయుష్షే.

యాడ్స్‌లో ఇంకో సంగతి గమనించారా? ఎవరో సోఫాలో కూర్చుని "మూవీ టైమ్" అంటారు, గదంతా ఊదారంగులోకి మారిపోతుంది. కానీ ఏ యాడ్‌లోనూ గోడ మీద స్విచ్ కనిపించదు. కారణం సింపుల్. ఆ స్విచ్ ఆపితే బల్బుకి కరెంటు అందదు, స్మార్ట్ ఏమీ మిగలదు. మన ఇళ్లలో "గదిలోంచి బయటికొస్తే లైటు ఆపాలి" అని చిన్నప్పటి నుంచి నేర్పించిన చేతులు ఉంటాయి. నాన్నకి ఆ స్విచ్ ముట్టుకోవద్దని చెప్పడానికే నాకు నెల పట్టింది, చివరికి దాని మీద సెల్లో టేప్ అంటించాల్సి వచ్చింది.

మీరు ఫోన్‌లో నొక్కితే ఏం జరుగుతుంది?

తక్కువ రేటు వైఫై బల్బులు చాలావాటి పద్ధతి ఇది. మీరు హాల్లో కూర్చుని యాప్‌లో ఆన్ నొక్కుతారు. ఆ కమాండ్ మీ రౌటర్ దాటి, ఇంటర్నెట్ మీదుగా కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది. ఆ సర్వర్ ఎక్కడైనా ఉండొచ్చు. అక్కడి నుంచి మళ్లీ మీ రౌటర్‌కే తిరిగొచ్చి, మీ తల మీదున్న బల్బుకి చేరుతుంది. పది అడుగుల దూరానికి అంత ప్రయాణం! అలెక్సాకి చెబితే ఇంకో మజిలీ ఎక్కువ: ముందు అమెజాన్ సర్వర్, అక్కడి నుంచి బల్బు కంపెనీ సర్వర్, తర్వాత బల్బు. 2021 డిసెంబర్ 7న అమెరికాలో అమెజాన్ వెబ్ సర్వీసెస్ కొన్ని గంటలపాటు పడిపోయినప్పుడు అలెక్సా, రింగ్ కెమెరాలు లాంటివి చాలా ఇళ్లలో పలక్కుండా పోయింది ఇందుకే.

అన్ని బల్బులూ ఇలాగే ఉండవు. ఫిలిప్స్ హ్యూ లాంటివి వైఫై కాదు, జిగ్బీ అనే రేడియో పద్ధతి వాడతాయి. రౌటర్ పక్కన బ్రిడ్జ్ అనే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది, షెడ్యూళ్లు అందులోనే సేవ్ అవుతాయి. ఇంట్లో ఉన్నంతసేపూ ఇంటర్నెట్ లేకపోయినా లైట్లు పలుకుతాయి. వైఫై బల్బుల్లోనూ విజ్, లైఫ్ఎక్స్ లాంటివి ఇంట్లోని నెట్‌వర్క్‌లోనే కమాండ్ తీసుకోగలవు. దీన్నే లోకల్ కంట్రోల్ అంటాం. ఈ ఆర్టికల్ నుంచి ఒక్క మాటే గుర్తుపెట్టుకునే ఓపిక ఉంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

సర్వర్ బిల్లు ఎవరు కడతారు?

నేను ఆఫీసులో చేసేది బ్యాకెండ్ పని. అందుకని ఈ భాగం కొంచెం లోపలి నుంచి చెప్పగలను. బల్బు అమ్మినప్పుడు కంపెనీకి డబ్బు ఒక్కసారే వస్తుంది. కానీ ఆ బల్బు రోజంతా సర్వర్‌తో "నేనున్నా, నేనున్నా" అని కనెక్షన్ పట్టుకునే ఉంటుంది. దానికి క్లౌడ్ బిల్లు ప్రతి నెలా వస్తుంది. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్ వచ్చినప్పుడల్లా యాప్‌ని సరిచేయాలి. సెక్యూరిటీ లోపం బయటపడితే పాత మోడల్‌కి కూడా ఫర్మ్‌వేర్ రాసి, టెస్ట్ చేసి పంపాలి. కొత్త బల్బుల అమ్మకాలు పెరుగుతున్నంత కాలం ఆ డబ్బుతో ఇదంతా సాగిపోతుంది. అమ్మకాలు తగ్గిన రోజున మీటింగ్‌లో ఎవరో ఒకరు ఒక షీట్ తెరిచి "ఈ పాత మోడల్ వాడేవాళ్లు ఎంతమంది?" అని అడుగుతారు. అలాంటి మీటింగుల్లో నేనూ కూర్చున్నా. మా ప్రొడక్ట్ లైట్లు కాదులెండి. "ఈ వెర్షన్ ఫలానా తేదీ నుంచి పనిచేయదు" అని మెయిల్ డ్రాఫ్ట్ చేసింది కూడా నేనే. రాసేటప్పుడు అవతల ఎవరి ఇంట్లో సందు చీకటైపోతుందో అని అనుకోలేదు.

ఇండియాలో ఇంకో మెలిక ఉంది. చాలా బ్రాండ్లు యాప్, సర్వర్ సొంతంగా తయారు చేసుకోవు. చైనాలో 2014లో మొదలైన తుయా లాంటి ప్లాట్‌ఫామ్ కంపెనీలు చిప్, ఫర్మ్‌వేర్, క్లౌడ్, యాప్ అన్నీ ఒక ప్యాకేజీగా ఇస్తాయి. బ్రాండ్ తన పేరు, లోగో, రంగు తగిలించుకుని అమ్ముతుంది. అందుకే మూడు నాలుగు బ్రాండ్ల యాప్‌లు అన్నదమ్ముల్లా ఒకేలా కనిపిస్తుంటాయి. ఇది తప్పేమీ కాదు, ఒక రకంగా మంచిదే: బ్రాండ్ చేతులెత్తేసినా బల్బు తుయా వాళ్లదైతే స్మార్ట్ లైఫ్ అనే వాళ్ల సొంత యాప్‌లో యాడ్ అయ్యే అవకాశం ఉంటుంది. నేను ముందు చేసిన ప్రయత్నం అదే. మా బల్బు ఆ కుటుంబానికి చెందింది కాదని తేలింది, కర్మ.

ఆపేసిన కంపెనీలు, ఆగకుండా నడిపినవి

ఈ రంగంలో అందరికంటే ఎక్కువ పేరున్న హ్యూనే ముందు తీసుకుందాం. 2012 అక్టోబర్‌లో మూడు బల్బులు, ఒక బ్రిడ్జ్ కలిపి 199 డాలర్లకి అమ్మడం మొదలుపెట్టారు. 2015లో కొత్త బ్రిడ్జ్ వచ్చింది. పాత గుండ్రటి బ్రిడ్జ్‌కి 2020 ఏప్రిల్ 30తో అప్‌డేట్లు, ఇంటర్నెట్ కనెక్షన్ ఆపేశారు. అంటే ఏడున్నరేళ్లు. ఆపేశాక కూడా ఇంట్లో లోకల్‌గా వాడుకోవడానికి వేరే యాప్ ఉంచారు, పాత బల్బులు కొత్త బ్రిడ్జ్‌తో పనిచేశాయి. ఈ రంగంలో ఇది మంచి రికార్డే అనాలి.

అలాగని హ్యూ కూడా నోట్లో వేలు పెడితే కొరకని రకమేం కాదు. 2015 డిసెంబర్‌లో ఒక ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో తమ ఆమోదం లేని వేరే కంపెనీల జిగ్బీ బల్బులు బ్రిడ్జ్‌కి కొత్తగా కలవకుండా చేశారు. జనం గోల చేస్తే కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2023 సెప్టెంబర్‌లో, అప్పటిదాకా అకౌంట్ లేకుండా వాడుకుంటున్న యాప్‌కి ఇక అకౌంట్ తప్పనిసరి చేస్తామని ప్రకటించారు. అప్పుడూ గోలే. మనం డబ్బు కట్టి కొన్న వస్తువు రూల్స్, కొన్నాక కూడా మారుతుంటాయి. స్మార్ట్ వస్తువుతో వచ్చే అసలు చిక్కు ఇదే.

ఇక అమెరికాలో ఇన్‌స్టియాన్ సంగతి చూడండి. 2005 నుంచి ఉన్న లైటింగ్ ఆటోమేషన్ సిస్టమ్. ఇల్లంతా స్విచ్‌లు, డిమ్మర్లు వాళ్లవే పెట్టుకున్న వాళ్లున్నారు. 2022 ఏప్రిల్ మధ్యలో ఒకరోజు సర్వర్లు పలకడం మానేశాయి. ముందస్తు మెయిల్ లేదు, నోటీసు లేదు. ఇక్కడ ఒక ఊరట ఏంటంటే ఆ స్విచ్‌లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునేవి, కాబట్టి గోడ మీద నొక్కితే లైట్లు వెలిగాయి. యాప్, వాయిస్ కమాండ్లే పోయాయి. ఆ జూన్‌లో వాడకందార్లే కొందరు కలిసి ఆ కంపెనీని కొనుక్కుని సర్వర్లు మళ్లీ లేపారు! తర్వాత సబ్‌స్క్రిప్షన్ వచ్చింది. మరి సర్వర్ బిల్లు ఎవరో ఒకరు కట్టాలిగా.

దీనికి పక్కన పెట్టి చూడాల్సింది లైఫ్ఎక్స్. 2012లో కిక్‌స్టార్టర్‌లో పుట్టిన బ్రాండ్. దాని యజమాని కంపెనీ 2022లో అప్పుల పాలై చేతులు మారింది, ఫైట్ ఎలక్ట్రిక్ కొనుక్కుంది. ఆ బల్బులకి లోకల్‌గా కమాండ్ ఎలా పంపాలో కంపెనీ అప్పటికే డాక్యుమెంట్ చేసి అందరికీ ఇచ్చేసింది. కాబట్టి కంపెనీ గతి ఏమవుతుందో తెలియని రోజుల్లో కూడా, కాస్త టెక్నికల్ తెలిసిన వాళ్లకి బల్బుల గురించి బెంగ లేదు.

ఆస్రామ్ తన లైటిఫై సర్వర్లని 2021 ఆగస్టు 31న ఆపేసింది. అవి జిగ్బీ బల్బులు కావడంతో వేరే హబ్‌కి కలుపుకునే వీలుంది. రెవాల్వ్ కథ మాత్రం చేదు. 300 డాలర్ల హబ్‌ని "లైఫ్‌టైమ్ సబ్‌స్క్రిప్షన్" అని అమ్మారు. 2014లో నెస్ట్ ఆ కంపెనీని కొనేసింది, 2016 మే 15న హబ్ మొత్తం పనిచేయకుండా పోయింది. లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్ అని అప్పుడు అందరూ అడిగారు. అమెరికా ట్రేడ్ కమిషన్ విచారణ మొదలుపెట్టింది, రీఫండ్లు ఇస్తుండటంతో చర్య తీసుకోకుండా వదిలేసింది. వింక్ అనే ఇంకో హబ్ 2020లో, నెలవారీ ఫీజు లేదని చెప్పి అమ్మిన కస్టమర్లనే నెలకి 4.99 డాలర్లు కట్టమంది. వారం టైమ్ ఇచ్చింది, తిట్లు పడ్డాక జులై దాకా వాయిదా వేసింది. తాజాది బెల్కిన్ వీమో. స్మార్ట్ స్విచ్‌లు, ప్లగ్‌లు, డిమ్మర్లలో చాలావాటికి 2026 జనవరి 31తో క్లౌడ్ సపోర్ట్ ముగింపు అని 2025 జులైలో చెప్పింది. యాపిల్ హోమ్‌కిట్‌కి ముందే కలిపి పెట్టుకున్నవి మాత్రం బతికి బయటపడతాయి, అది లోకల్ కాబట్టి.

చూశారుగా, కంపెనీ పెద్దదా చిన్నదా అన్నది కాదు. లోకల్ దారి ఉన్నవి నిలబడ్డాయి, క్లౌడ్ ఒక్కటే దారి అయినవి పోయాయి.

ఇల్లు మొత్తం ఆటోమేషన్ చేయిస్తుంటే

హైదరాబాద్‌లో ఇప్పుడు కొత్త అపార్ట్‌మెంట్ బ్రోషర్ ఏది చూసినా "స్మార్ట్ హోమ్ రెడీ" అని ఉంటోంది. లక్షల్లో ఖర్చు. ఇక్కడ అమ్మేది బల్బు కంపెనీ కాదు, మధ్యలో ఉండే డీలర్ లేదా ఇంటిగ్రేటర్. సపోర్ట్ కూడా అతనే. ఎక్స్‌పీరియన్స్ సెంటర్‌కి తీసుకెళ్లి కర్టెన్లు వాటంతటవే తెరుచుకోవడం, మెట్ల కింద లైట్లు ఒక్కొక్కటిగా వెలగడం చూపిస్తారు. బాగుంటుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇందులో కేఎన్ఎక్స్ లాంటి వైర్డ్ సిస్టమ్‌లు నిజంగా గట్టివి. అది చాలా కంపెనీలు కలిసి పాటించే స్టాండర్డ్. స్విచ్‌లు, డిమ్మర్లు ఒక ప్రత్యేక కేబుల్ మీద నేరుగా మాట్లాడుకుంటాయి, సర్వర్ అవసరం లేదు. ఒక బ్రాండ్ పోతే ఇంకో బ్రాండ్ స్విచ్ పెట్టుకోవచ్చు. కానీ ఏ స్విచ్ ఏ లైటుని వెలిగించాలనే ప్రోగ్రామింగ్ మొత్తం ఈటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్రాజెక్ట్ ఫైల్‌గా ఉంటుంది. ఆ ఫైల్ డీలర్ ల్యాప్‌టాప్‌లో ఉండిపోయి, డీలర్ దుకాణం మూసేశాడనుకోండి. ఒక్క లైటు మార్చాలన్నా కొత్తవాడు మొదటి నుంచి ప్రోగ్రామింగ్ చేయాలంటాడు. కాబట్టి చివరి పేమెంట్ ఇచ్చేముందు ఆ ప్రాజెక్ట్ ఫైల్, పాస్‌వర్డ్ ఉంటే అది కూడా, మీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. ఇల్లు రిజిస్ట్రేషన్ అయ్యాక డాక్యుమెంట్లు తీసుకోరూ, ఇదీ అంతే. లుట్రాన్ హోమ్‌వర్క్స్ లాంటి హై-ఎండ్ సిస్టమ్‌ల ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్ తీసుకున్న డీలర్లకే ఇస్తారు, అంటే మీకు డీలర్ ఎప్పుడూ కావాలి. అది తెలిసి ఒప్పుకుంటే ఇబ్బంది లేదు.

చట్టం ఏమంటోంది?

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఒక రూల్ అమల్లో ఉంది. ఇంటర్నెట్‌కి కలిసే వస్తువు ఏది అమ్మినా కనీసం ఎన్నాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో కంపెనీ బయటపెట్టాలి. యూరప్‌లో సైబర్ రెసిలియెన్స్ యాక్ట్ ముఖ్యమైన నిబంధనలు 2027 డిసెంబర్ నుంచి వస్తాయి, సపోర్ట్ మామూలుగా ఐదేళ్లకి తగ్గకూడదంటాయి. అమెరికాలో ఇలాంటి రూల్ లేకపోతే ఏం జరుగుతుందో 2024 నవంబర్‌లో అక్కడి ట్రేడ్ కమిషన్ స్టాఫ్ రిపోర్ట్ చూపించింది. 184 స్మార్ట్ వస్తువుల వెబ్‌పేజీలు చూస్తే దాదాపు 89 శాతం వాటిలో అప్‌డేట్లు ఎన్నాళ్లో రాయలేదు.

మన దగ్గర బల్బు మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ మార్క్ ఉంటుంది. అది షాక్ కొట్టకుండా, కాలిపోకుండా ఉండే భద్రత గురించి. యాప్ ఎన్నాళ్లుంటుందనేది దాని పరిధిలో లేదు. వస్తువు అమ్మేటప్పుడు చెప్పిన ఫీచర్ మధ్యలో తీసేస్తే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఫిర్యాదు చేయొచ్చు. ముందు 1915 హెల్ప్‌లైన్, తేలకపోతే జిల్లా కమిషన్. 5 లక్షల లోపు విలువైతే ఫీజు లేదు, సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. నేను 1915కి చేశా. ఫిర్యాదు నమోదైంది, కంపెనీ మళ్లీ అదే కూపన్ పంపింది, ఈసారి 30 శాతం.

ఇక్కడ ఒక చిట్కా చెప్తా. మీరు కొనాలనుకుంటున్న బ్రాండ్ బ్రిటన్‌లో కూడా అమ్ముతుంటే, వాళ్ల యూకే వెబ్‌సైట్‌లో ఆ మోడల్ "సపోర్ట్ పీరియడ్" ఏంటో వెతకండి. ఇక్కడి బాక్స్ మీద రాయని తేదీ అక్కడ చట్టం ప్రకారం రాసి తీరాలి. ఇండియా మోడల్ నంబర్ కొంచెం వేరుగా ఉండొచ్చు, అయినా కంపెనీ ఆలోచన ఎలా ఉందో అర్థమవుతుంది.

కొనేముందు, కొన్నాక

రిటర్న్ గడువు ఉండగానే ఒక టెస్ట్ చేయండి. బల్బు పెట్టి, యాప్‌లో సెట్ చేసి, షెడ్యూల్ ఒకటి పెట్టండి. తర్వాత రౌటర్‌కి వచ్చే ఇంటర్నెట్ కేబుల్ మాత్రం పీకేయండి, రౌటర్ ఆన్‌లోనే ఉంచండి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి వైఫైలో ఉంచండి. ఇప్పుడు యాప్‌లో నొక్కితే లైటు వెలుగుతుందా? షెడ్యూల్ టైమ్‌కి పలికిందా? రెండూ పనిచేస్తే ఆ బల్బు ఉంచుకోవచ్చు. వెలగకపోతే మీరు కొన్నది బల్బు కాదు, ఒక సర్వర్‌కి గడువు రాయని సభ్యత్వం. దీనికి ఐదారు నిమిషాలు పడుతుంది.

మ్యాటర్ లోగో ఉన్నవి వస్తున్నాయి. 2022 అక్టోబర్‌లో మొదటి వెర్షన్ వచ్చిన ఈ స్టాండర్డ్‌లో యాపిల్, గూగుల్, అమెజాన్, శామ్‌సంగ్ అందరూ ఉన్నారు. ఇంట్లో లోకల్‌గానే కమాండ్ వెళ్లాలనేది దాని పునాది. కాస్త రేటెక్కువైనా నేనైతే ఇప్పుడు మ్యాటర్ లేని బల్బు కొనను. దానికి కంట్రోలర్ కావాలని మర్చిపోవద్దు: మ్యాటర్ సపోర్ట్ ఉన్న ఎకో, నెస్ట్, హోమ్‌పాడ్ లాంటిది ఒకటి. అలెక్సాతో మాటల్లో చెప్పాలంటే మామూలుగా ఇంటర్నెట్ కావాలి, అది వేరే.

కరెంటు పోయి వచ్చే ఊళ్లలో "పవర్ ఆన్ బిహేవియర్" సెట్టింగ్ ఉందో లేదో తప్పకుండా చూడండి. అది లేకపోతే రాత్రి రెండింటికి కరెంటు రాగానే ఆర్పేసిన బల్బులన్నీ తెల్లగా భగ్గుమంటాయి. మా ఇంట్లో మొదటి వారం అదే జరిగింది, నాన్న దొంగలు పడ్డారనుకున్నారు. ఇంకోటి, అమెరికా నుంచి ఎవరో తెచ్చారని 120 వోల్టుల బల్బు మన 230 వోల్టుల హోల్డర్‌లో పెట్టకండి. స్క్రూ సైజు దాదాపు సరిపోతుంది, అదే ప్రమాదం.

బల్బు కంటే స్విచ్ స్మార్ట్‌గా ఉండటం మన ఇళ్లకి నయమని నా అభిప్రాయం. స్విచ్ బోర్డు వెనక పెట్టే చిన్న రిలే మాడ్యూళ్లు దొరుకుతాయి. మన బోర్డుల్లో ప్లగ్ సాకెట్ కూడా ఉంటుంది కాబట్టి న్యూట్రల్ వైరు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి. యాప్ పోయినా, కంపెనీ మూతపడినా, గోడ మీద స్విచ్ మామూలుగా పనిచేస్తూనే ఉంటుంది. నాన్న లాంటి వాళ్ల చేతికి టేప్ అడ్డం పెట్టాల్సిన అవసరం ఉండదు. రంగులు మాత్రం రావు.

మా ఇంటి సంగతికొస్తే, హాల్లో, బెడ్‌రూముల్లో అలాంటి మాడ్యూళ్లు పెట్టించా, లోకల్ టెస్ట్ పాసయ్యాకే. వరండాలో పాత స్మార్ట్ బల్బు అలాగే ఉంది, స్విచ్ వేస్తే వెలుగుతుంది. సందులో మాత్రం యాప్, వైఫై ఏమీ లేని మోషన్ సెన్సర్ బల్బు పెట్టా, 350 రూపాయలు. మనిషి కదిలితే వెలుగుతుంది, ఒక నిమిషానికి ఆరిపోతుంది. పెట్టిన మర్నాడు అమ్మకి ఫోన్ చేసి ఎలా ఉందని అడిగా. "బాగానే ఉందిరా, కానీ పిల్లి వెళ్లినా వెలుగుతోంది" అంది.